చెడ్డ వెబ్‌సైటు కావలెను

ఏటిరేవుల శాఖ వెబ్‌సైటు పదకొండు రోజుల్లో తయారైంది. ఆ శాఖలో ఒక కిటికీకి తలుపు బిగించడానికే పద్నాలుగు నెలలు పట్టిన చరిత్ర ఉంది. అందుకని ఇందులో ఏదో తిరకాసు ఉందని అందరికీ అనుమానం వచ్చింది.

తయారుచేసింది గెడ్డం సుహాసిని. వయసు ఇరవై ఏడు. ఉద్యోగం కాంట్రాక్టు. కూర్చునేది రికార్డు గదికీ జనరేటరుకీ మధ్యనున్న బల్ల దగ్గర. ఆమె సైటులో ఉన్నది ఒకే ఒక్క పేజీ. రేవు పేరు నొక్కితే అక్కణ్ణుంచి ఏరు దాటించే తర్వాతి పంటు ఎన్నింటికి బయల్దేరుతుందో పెద్ద అంకెల్లో కనిపిస్తుంది. పంటు ఆగిపోతే ఆగిపోయిందని ఎర్రగా కనిపిస్తుంది. పంటు నడిపే సరంగు తన ఫోనులో వేళ మార్చగానే ఇక్కడా మారుతుంది. అంతే.

సుహాసినిది గన్నేరులంక. చుట్టూ గోదావరి. ఏటికి నీరెక్కితే పంటు వేళలు పూటపూటకీ మారిపోతాయి. మారిన వేళని రేవులో పలక మీద సుద్దముక్కతో రాస్తారు. పలక చూడాలంటే రేవుకి పోవాలి, పోయాక తెలిసేది పంటు వెళ్ళిపోయిందని. పోయినేడాది వరదల్లో లంకలోని ఇద్దరు ఆడపిల్లలు అలాగే సర్టిఫికెట్లు పట్టుకుని రేవులో నిలబడిపోయి, నర్సింగు సీట్లు పోగొట్టుకున్నారు. ఈసారి నీరెక్కేలోగా సైటు జనానికి తెరిచి తీరాలని సుహాసిని పంతం. అప్పటికింకా ఏప్రిల్. వరదకి మూడు నెలలుంది. మూడు నెలలంటే చాలా ఎక్కువని ఆమె అనుకుంది. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు మరి.

కమిషనరు చదలవాడ విఠలేశ్వరరావు ఆ సైటును అర నిమిషం చూశాడు. ఇంతేనా అని అడిగాడు. ఇంతేనంది సుహాసిని. సోమవారం ప్రారంభిద్దామన్నాడు.

మధ్యలో శనివారం వచ్చింది. శనివారం నాడు కమిషనరు ఒక వర్క్‌షాపుకి వెళ్ళాడు. అక్కడ జుట్టు వెనక్కి ముడేసుకున్న ఒక డిజైన్ నిపుణుడు, మంచి వెబ్‌సైటు చేయడం నేర్చుకోవాలంటే ఇప్పటికే ఉన్న సైట్లను విమర్శించి చూడమని చెప్పాడు. ఏది బాగుంది, ఏది బాగోలేదు, ఎందుకు బాగోలేదు అని అడుగుతూ పోతే కన్ను దానంతటదే పదునెక్కుతుందన్నాడు. ఆ మాటలో తప్పేమీ లేదు. కమిషనరు చెవిన పడేదాకా అది నిక్షేపం లాంటి మాటే.

సోమవారం ప్రారంభోత్సవానికి బదులు ఉత్తర్వు వెలువడింది. సూపరింటెండెంటు బులుసు సూర్యప్రభాకరం దాన్ని హాల్లో నిలబడి చదివాడు. "విమర్శనాత్మక పరిశీలన ద్వారా వెబ్ రూపకల్పనా నైపుణ్య సముపార్జన పథకం" అమల్లోకి వచ్చింది. ప్రతి ఉద్యోగీ వారానికి అయిదు వెబ్‌సైట్లను విమర్శించాలి. సైటుకి మూడు లోపాలకు తగ్గకూడదు. సిబ్బంది యావన్మందీ మంచి డిజైను నేర్చుకున్నారని ధ్రువీకరించేవరకు శాఖ సొంత వెబ్‌సైటును తెరవరాదు.

బాగున్నవి కనిపిస్తే ఎక్కడ రాయాలని సుహాసిని అడిగింది.

"ఫారంలో ఆ గడి లేదమ్మా," అన్నాడు సూర్యప్రభాకరం.

ఆఫీసులో నలభై ముగ్గురు మనుషులు, ఆరు కంప్యూటర్లు. వాటిలో రెండింటికి ప్రాణం లేదు. అదేమీ అడ్డంకి కాలేదు. ఆ శాఖలో కాయితం మీదికి రానిది ఏదీ చూసినట్టు కాదు. అందుచేత వెబ్‌సైట్లను ప్రింటు తీసి, చిల్లులు పొడిచి, ట్యాగు కట్టి, ఫైళ్ళలో పెట్టి బల్లబల్లకీ తిప్పడం మొదలుపెట్టారు. మొదటి వారంలోనే చింతపండు అభివృద్ధి మండలి వెబ్‌సైటు నూట నలభై పేజీల ఫైలుగా మారి, గుమాస్తా దగ్గర్నుంచి సూపరింటెండెంటు దాకా నడుచుకుంటూ వచ్చింది. దాని మీద సూర్యప్రభాకరం స్వహస్తాలతో ఇలా రాశాడు:

"సదరు వెబ్‌సైటు నందలి 'ఇక్కడ నొక్కండి' అను బటనును దిగువ సంతకందారు నాలుగు పర్యాయములు నొక్కడమైనది. ఏమియు జరుగలేదు. వెబ్‌సైటును మడిచినచో అంచుల వద్ద చిరుగుచున్నది. ఎడమ వైపున నోటింగు నిమిత్తం మార్జిను విడువబడలేదు. సమర్పించడమైనది."

దాని కింద కమిషనరు ఆకుపచ్చ సిరాతో "చూడబడినది. గంభీరమైన లోపములు" అని రాశాడు.

సుహాసిని ఉండబట్టలేక సూర్యప్రభాకరం బల్ల దగ్గరికి వెళ్ళింది.

"మాస్టారూ, అది కాయితమండి. నొక్కడం స్క్రీన్ మీద నొక్కాలి."

"స్క్రీన్ మీద సంతకం ఎక్కడ పెట్టమంటావమ్మా?" అన్నాడాయన, కోపం లేకుండా. "సంతకం లేని విమర్శ ఆకాశరామన్న ఉత్తరం. రేపు ఆడిట్ వాళ్ళు అడిగితే నువ్వొచ్చి చెబుతావా?"

ఆడిట్ పేరెత్తాక ఆ ఆఫీసులో వాదన ముందుకి సాగిన దాఖలా లేదు. సుహాసిని తన బల్ల దగ్గరికి వచ్చేసింది.

వారానికి రెండుసార్లు గన్నేరులంక నుంచి ఆమె పెద్దమ్మ కూతురు మంగతాయారు ఫోను చేసేది. మంగతాయారు రోజూ తెల్లారి చామంతులు, కనకాంబరాలు గంపల్లో పెట్టుకుని ఏరు దాటి పూల సంతకి పోతుంది. పంటు తప్పితే గంప ఎండలో కమిలిపోతుంది. ఆమె అడిగేది ఒకటే ప్రశ్న.

"ఏవే, తెరుచుకుందా మీ సైటు?"

"లేదక్కా. ఇంకా నేర్చుకుంటున్నారు."

"ఏం నేర్చుకుంటన్నారు?"

"సైటు ఎలా ఉండాలో. ఊళ్ళో వాళ్ళ సైట్లన్నీ చూసి తప్పులు పడుతున్నారు."

"నువ్వు చేసేసేనన్నావు గదా."

"చేసేశాను."

"అంటే తాళి కట్టేసి, ఇప్పుడు పెళ్ళిచూపులకి తిరుగుతున్నారన్నమాట," అని మంగతాయారు ఫోను పెట్టేసింది.

మే నెలలో యుద్ధం వచ్చింది. దానికి కారణం సూర్యప్రభాకరం నియమనిష్ఠలే. విమర్శ పూర్తయిన ప్రతి ఫైలు నకలునూ ఆయన సంబంధిత శాఖకు "తగు చర్య నిమిత్తం" పంపించాడు. తమ సైటులో రెండువందల పద్నాలుగు లోపాలున్నాయని తెలుసుకున్న చింతపండు మండలి చేతులు ముడుచుకుని కూర్చోలేదు. వాళ్ళూ ఒక విమర్శ విభాగం పెట్టి, వచ్చినవాళ్ళనీ రానివాళ్ళనీ విమర్శించారు. వాళ్ళ దెబ్బ తగిలిన పశుగ్రాస కార్పొరేషను మరో మూడు శాఖల మీద పడింది. నెల తిరిగేసరికి ప్రభుత్వంలో ఒకరి వెబ్‌సైటు ఒకరు ప్రింటు తీయని కార్యాలయం లేదు. కాయితానికి కరువొచ్చింది. ఆఖరికి పైవాళ్ళు కలగజేసుకుని, ఈ ఉత్సాహానికి ఒక క్రమం ఉండాలని, ఏ శాఖ సైటులో ఎన్ని లోపాలో లెక్కతేల్చి అతి తక్కువ లోపాలున్న శాఖకు బహుమతి ఇస్తామని ప్రకటించారు.

ఫలితాలు వచ్చిన రోజున సుహాసిని జాబితా రెండుసార్లు చదివింది. చింతపండు మండలి, పదకొండువందల ఆరు. పశుగ్రాస కార్పొరేషను, తొమ్మిదివందల ఎనభై. ఏటిరేవుల శాఖ, సున్నా.

న్యాయనిర్ణేతలు ఏటిరేవుల శాఖ వెబ్‌సైటు కోసం మూడు రోజులు వెతికారు. దొరకలేదు. దొరకని సైటులో ఒక్క లోపం కూడా దొరకలేదు. కమిషనరుకి శాలువా, షీల్డు, వెండి కలం వచ్చాయి. లోపాలకు తావివ్వకపోవడమే తమ శాఖ మొదటినుంచీ అనుసరిస్తున్న విధానమని ఆయన సభలో గద్గద కంఠంతో చెప్పాడు.

ఇంతకంటే మంచి సమయం రాదనుకుని సుహాసిని మర్నాడు ఆయన గదిలోకి వెళ్ళింది. పేరొచ్చింది, సిబ్బంది నేర్చుకున్నారు, జూన్ దగ్గర పడింది, ఇక సైటు తెరుద్దామండీ అని అడిగింది.

కమిషనరు షీల్డు మీద దుమ్ము లేకపోయినా తుడిచాడు.

"చూడమ్మా. ఈవేళ మన లోపాలు సున్నా. రేపు సైటు తెరిస్తే కనీసం ఒకటి వస్తుంది. సున్నా నుంచి ఒకటికి పెరిగితే ఎంత శాతం పెరిగినట్టో లెక్కగట్టడం కూడా కుదరదు. శాసనసభలో ఎవరైనా అడిగితే నేనేం సమాధానం చెప్పేది?"

"వరదలొస్తాయండి. జనం రేవులో నిలబడిపోతారు."

"జనం రేవులో నిలబడటం నదికి సంబంధించిన విషయం. సైటులో లోపం ఉండటం నాకు సంబంధించిన విషయం," అని ఆయన సానుభూతిగానే చెప్పాడు.

సున్నా రహస్యం ఎన్నాళ్ళు దాగుతుంది? చింతపండు మండలి ముందుగా గ్రహించి తన సైటును మూసేసింది. మూసివేత మహోత్సవానికి మేళం పిలిచారు, వెలుగుతున్న జ్యోతిని గౌరవ అతిథి ఊది ఆర్పాడు. మండలి లోపాలు ఒక్క రాత్రిలో పదకొండువందల ఆరు నుంచి సున్నాకి పడ్డాయి. ఇది చూసి పశుగ్రాసం మూసేసింది. పక్షం రోజుల్లో ముప్ఫయ్యొక్క శాఖలు వెబ్‌సైట్లు మూసుకుని లోపరహితమయ్యాయి. సైట్లలో దొరికే సమాచారం కోసం జనం మళ్ళీ ఆఫీసుల ముందు వరసలు కట్టారు. వరసలు ఎవరి సైటులోనూ లేవు కాబట్టి వాటిని ఎవరూ విమర్శించలేదు.

జూన్ మూడోవారంలో ఏటిరేవుల శాఖలో అత్యవసర సమావేశం జరిగింది. విమర్శించడానికి వెబ్‌సైట్లు అయిపోయాయి.

మామూలు ఇబ్బంది కాదది. పథకం కింద ఈపాటికి పన్నెండు మంది విమర్శాధికారులు, ఇద్దరు ఉపసంచాలకులు, వాళ్ళకి మూడు జీపులు వచ్చి ఉన్నాయి. వారానికి రెండువందల పదిహేను విమర్శల లక్ష్యం అలాగే ఉంది. ప్రైవేటు సైట్ల మీద పడదామా అని ఒక ఉపసంచాలకుడు అన్నాడు. వాళ్ళు కోర్టుకి పోతారని సూర్యప్రభాకరం గుర్తుచేశాడు. అప్పుడు కమిషనరు, దేశంలో వ్యాధులు తగ్గినా వైద్య విద్యార్థులకి శవాలు కావాలి గదా అన్నాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. శిక్షణ నిమిత్తం ఒక చెడ్డ వెబ్‌సైటును శాఖే తయారుచేయించుకోవాలని తీర్మానమైంది. అది చెడ్డదని పైన స్పష్టంగా రాస్తారు కాబట్టి శాఖ ఖాతాలో లోపంగా పడదు.

తయారుచేసే పని సుహాసినికి అప్పగించారు. షరతులు మూడు. ఒకటి, జిల్లాల్లోని సిబ్బంది కూడా చూసి విమర్శించేందుకు వీలుగా ఏ ఫోనులోనైనా, ఎవరికైనా తెరుచుకోవాలి. రెండు, రాత్రింబవళ్ళు పనిచేయాలి. మూడు, ఒకసారి ఆమోదించాక అందులోని ఏ లోపాన్నీ ఎట్టి పరిస్థితుల్లోనూ సరిదిద్దరాదు, తొలగించరాదు. సరిదిద్దినచో నమూనా శిక్షణకు అక్కరకు రాదు.

ఆ కాయితం పట్టుకుని సుహాసిని బల్ల దగ్గరికి వచ్చేసరికి మంగతాయారు ఫోను. ఏట్లోకి ఎర్రనీరు దిగిందని, పొద్దున్న పంటు గంట ముందే వెళ్ళిపోయిందని, రెండు గంపల చామంతులు రేవులోనే పారబోసి వచ్చానని చెప్పింది. వేళాకోళం ఆడలేదు. సైటు సంగతి కూడా అడగలేదు. అడగకపోవడమే సుహాసినికి గుచ్చుకుంది.

ఆమె షరతులు మళ్ళీ చదివింది. మూడోది మూడుసార్లు చదివింది. తర్వాత ఏప్రిల్లో తను చేసిన సైటు తీసి, ఒక్క అక్షరం మార్చకుండా, పైన "ఇది చెడ్డ వెబ్‌సైటు. శిక్షణ నిమిత్తం మాత్రమే" అని ఒక వరస చేర్చింది. దానికి లోపాల జాబితా జతపరచాలి. ఆ జాబితా రాయడానికి సైటు చేయడం కంటే ఎక్కువ కష్టపడింది.

రెండు రోజుల తర్వాత కమిటీ కూర్చుంది. సుహాసిని గోడకి ఆనుకుని నిలబడింది. ఏప్రిల్లో ఈ పేజీని చూసినవాళ్ళు ఆ గదిలో ఇద్దరున్నారు. ఒకరు గుర్తుపట్టినా కథ ముగిసినట్టే. కమిషనరు అప్పుడు చూసింది అర నిమిషం, ఆ తర్వాత ఆయన కళ్ళ ముందు నుంచి పదకొండు వేల ప్రింట్లు పోయాయి. భయమంతా ఏప్రిల్లో దీన్ని ప్రింటు తీయించి ఫైలు కట్టిన సూర్యప్రభాకరంతోనే. ఆయన కాయితాన్ని దగ్గరికి తెచ్చుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు, కళ్ళజోడు పైనుంచి సుహాసినిని చూశాడు.

"ఇది నేనెక్కడో చూశానమ్మా."

సుహాసిని అబద్ధం ఆడదామనుకుని, ఆడలేకపోయింది. "ఏప్రిల్ ఫైల్లో ఉండొచ్చండి. తీయించమంటారా?"

సూర్యప్రభాకరం రికార్డు గది వైపు చూశాడు. ఏప్రిల్ ఫైలు బయటికి రావాలంటే మే, జూన్ ఫైళ్ళు కదలాలి. అవి కదలాలంటే రికార్డు గది తలుపు తెరుచుకోవాలి. దాని వెనక చింతపండు మండలి నిలువెత్తున ఆనుకుని ఉంది.

"అక్కర్లేదులే," అన్నాడు. "సైట్లన్నీ ఒకేలా ఏడుస్తాయి. చదువు."

సుహాసిని చదివింది. మంత్రివర్యుల ఛాయాచిత్రం లేదు. కమిషనరువారి సందేశం లేదు. అడ్డంగా పరుగెత్తే అక్షరాలు లేవు. పాస్‌వర్డు అడగడం లేదు, కావున దొంగకీ దొరకీ తేడా తెలియడం లేదు. వచ్చిన వ్యక్తి ఇరవై సెకన్లలో పని ముగించుకుని వెళ్ళిపోతున్నాడు, శాఖ పట్ల గౌరవం కలుగుటకు ఆ వ్యవధి చాలదు. అక్షరములు మరీ పెద్దవి, వృద్ధులకు సైతం కళ్ళజోడు లేకుండా అర్థమగుచున్నది, ఇందువలన ప్రభుత్వ భాషకు గల గాంభీర్యం లోపించినది. ఇలా ముప్ఫయ్యేడు. ఆఖరిది, పంటు వేళ మారిన వెంటనే సమాచారం కూడా మారిపోవుచున్నది, కావున ఫైలుతో సరిచూచుటకు వీలుపడదు.

చదవడం అయ్యాక ఒక ఉపసంచాలకుడు నుదురు తుడుచుకున్నాడు.

"నా ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో ఇంత ఘోరమైన సైటు చూడలేదు," అన్నాడు కమిషనరు. గొంతులో నిజమైన ఆనందం ఉంది. ఆకుపచ్చ సిరా కలం తీసి, షరతులు మూడింటితో సహా ఆమోదించాడు. మర్నాడు హాల్లో తలుపంత ఫ్లెక్సీ కట్టి, దాని మీద ముద్రించిన ఎర్ర బటనును వేలితో నొక్కి ప్రారంభోత్సవం చేశాడు. సుహాసిని వెనక వరసలో నిలబడి, అదే క్షణాన తన ఫోనులో అసలు బటను నొక్కింది. సాయంత్రానికల్లా దాని చిరునామా మంగతాయారుకీ, రేవుల్లోని సరంగులకీ చేరింది.

జూలైలో గోదావరి పోటెత్తింది. మొదటి వారం చెడ్డ వెబ్‌సైటును చూసిన సిబ్బంది నలభై ముగ్గురు. మొత్తం చూసినవారు పంతొమ్మిది వేలు. కమిషనరు ఆ అంకెను చూసి, పంతొమ్మిది వేలమందికి వెబ్ రూపకల్పనలో శిక్షణ ఇచ్చామని పైకి నివేదిక పంపాడు. పైనుంచి అభినందనలు వచ్చాయి. శిక్షణ పొందినవారిని కళ్ళారా చూడాలని ఆయనకు ముచ్చట వేసింది. వరద కాస్త తీయగానే సూర్యప్రభాకరాన్నీ సుహాసినినీ వెంటబెట్టుకుని గన్నేరులంక తనిఖీకి బయల్దేరాడు. నివేదికలో ఉన్న అబద్ధాన్ని ఆయన నమ్మినంతకాలం సైటుకి ప్రమాదం లేదు. ఆయన నిజం చూడటానికి వెళుతున్నాడు.

పంచాయతీ ఆఫీసులో రిజిస్టర్ల తనిఖీ ముగించుకుని లంక రేవుకి వచ్చేసరికి మూడున్నర. రేవు ఖాళీగా ఉంది. చెట్టు నీడన ఒక కుక్క, దూరంగా పంటు మీద సరంగు ఏసురత్నం. వరద రోజుల్లో రేవంటే జాతరలా ఉంటుందని కమిషనరు విన్నాడు. జనం ఏరీ అని అడిగాడు.

"వత్తారండి, ఆయ్. పంటు నాలుగూ పదికండి. నాలుగైతే గాని ఎవరూ ఇల్లు కదలరు," అన్నాడు ఏసురత్నం.

అన్నట్టే నాలుగింటికి జనం వచ్చారు. సైకిళ్ళు, అరటి గెలలు, చంకలో పిల్లలు. ఎవరూ పరుగెత్తలేదు. పలక వైపు ఎవరూ చూడలేదు. పలక మీద ఎవరో లుంగీ ఆరేశారు. వేళ ఎలా తెలిసిందని కమిషనరు అడిగితే, ఏసురత్నం ఫోను తీసి చూపించాడు.

కమిషనరు ఫోనును చాలాసేపు చూశాడు. సుహాసిని నేల చూపులు చూసింది.

"ఇది చెడ్డ వెబ్‌సైటు," అన్నాడాయన. "పైనే రాసి ఉంది. మీరు చదవలేదా?"

"సదివేమండి. అయినా గానీ పంటు మట్టుకు టయానికే దొరుకుతుందండి."

వెనక నుంచి సాయంత్రపు పూల గంప నెత్తిన పెట్టుకుని మంగతాయారు ముందుకి వచ్చింది. "ఇది చెడ్డదైతే చెడ్డదే ఉంచండి బాబుగారూ. మీకు దణ్ణవెడతాం, మంచిది మాత్రం పెట్టకండి."

జనం నవ్వలేదు. నిజంగానే బతిమాలుతున్నట్టు చూశారు. కమిషనరు ముఖం ఎర్రబడింది. శిక్షణ సామగ్రిని ప్రజలు దుర్వినియోగం చేస్తున్నారని, దీన్ని తక్షణం ఆపించాలని సూర్యప్రభాకరంతో అన్నాడు. ఫైలు అడిగాడు. సూర్యప్రభాకరం తనిఖీకి ఫైలు లేకుండా బయల్దేరే మనిషి కాదు. సంచీలోంచి తీసి ఇచ్చాడు.

కమిషనరు అక్కడే పంటు రేకు మీద ఫైలు ఆనించి, ఆకుపచ్చ కలంతో ముప్ఫయ్యేడో లోపం కింద ముప్ఫయ్యెనిమిదోది రాశాడు: "ప్రజలు వాడుచున్నారు."

"ఇది లోపమేనంటారా అండి?" అన్నాడు సూర్యప్రభాకరం.

"అన్నిటికన్నా పెద్దది. వెంటనే తొలగించాలి."

సూర్యప్రభాకరం కళ్ళజోడు సవరించుకుని, పేజీ వెనక్కి తిప్పి, మూడో షరతు మీద వేలు పెట్టాడు. ఒకసారి సుహాసిని వైపు చూశాడు. ఆ చూపులో ఏప్రిల్ ఫైలు పూర్తిగా కనిపించింది.

"లోపంగా నమోదైతే మాత్రం తొలగించడానికి వీల్లేదండి. కింద తమరి సంతకమే ఉంది."

కమిషనరు తన సంతకాన్ని చదివాడు. ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో ఆయన తన సంతకానికి ఎన్నడూ ఎదురు తిరగలేదు. ఏసురత్నం పంటు ఇంజను తిప్పాడు. జనం ఎక్కడం మొదలుపెట్టారు.

సదరు లోపమును యథాతథముగా కొనసాగించవలెను అని రాసి, తేదీ వేసి, కమిషనరు వాళ్ళ వెనకే పంటు ఎక్కాడు.